ఎదుటివాడి వాక్యం ముందు

మొన్న హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్‌కు వెళితే, అడవి సరుకులు అమ్మే స్టాలు ముందు నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. గాజు సీసాలో ఇప్పపువ్వు లడ్డూలు, పక్కన పళ్ళెంలో కిస్‌మిస్‌లా ముడుచుకున్న ఎండు ఇప్పపువ్వు. తియ్యగా, కాస్త పులిసినట్టుగా, కాస్త మత్తుగా ఆ వాసన ముక్కుకు తగిలింది. స్టాలులో పిల్ల నన్ను చూసి, "ఇది తింటే ఒంటికి చాలా మంచిది మేడమ్" అని మొదలుపెట్టింది. అమ్మా తల్లీ, ఇప్పపువ్వు సంగతి నాకా చెప్పేది! అందరికీ అది అడవి వాసన కావచ్చు. నాకు మాత్రం అది ఈస్టరు వాసన, మా పెద్దనాన్నా నాన్నా యేసు దేవుడా కాదా అని బైబిళ్ళు తెరిచి కూర్చున్న ఏడాది వాసన.

మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో బస్సు దిగి, ఎర్రమట్టి బాటలో అడవిలోకి నడిస్తే వస్తుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఎండలు ముదురుతున్నాయనగా, తెల్లవారకముందే కోయ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుకొచ్చి వాకిళ్ళలో ఆరబోసేవాళ్ళు. ఆ వాసన వాళ్ళ గుడిసెలు దాటి, బడి దాటి, ఊరి చివర ఉన్న మా కిరస్తానీ ఇళ్ళ మీదుగా పెంకుల చర్చిలోకి వచ్చి, పాస్టరుగారి ప్రార్థనలో కూడా మత్తు కలిపేది. మాకది శ్రమకాలం, ఈస్టరుకు ముందటి నలభై రోజులు. శుక్రవారాలు పెద్దవాళ్ళు ఉపవాసం, మాకు జొన్న అంబలి, మామిడికాయ ముక్క. ఆకలేసినప్పుడల్లా అడవి ఉండనే ఉంది. మొర్రిపండ్లు, తునికిపండ్లు, పాలపండ్లు తిని నాలుకలు జిగట చేసుకుని, ఏమీ ఎరగనట్టు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం.

మేము అంటే నేనూ, రూతక్కా. రూతక్క మా పెద్దనాన్న కూతురు, నాకంటే కొంచెం పెద్దది, నాకంటే చాలా ధైర్యస్తురాలు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఊరేగింపులో పట్టుకోవడానికి మాకు ఖర్జూర మట్టలు ఎక్కడివి, ఈతమట్టలే. వాటి ముళ్ళు గుచ్చుకోకుండా కోయడం నాకు ఆమే నేర్పింది. అష్టాచెమ్మాలో నా పంట పండనిచ్చేది కాదు గానీ, సండే స్కూల్లో కంఠత వాక్యం నేను మరచిపోతే మాత్రం పక్కనుంచి పెదవులు కదిపి అందించేది. రెండిళ్ళకూ ఒకే వాకిలి. ఆదివారం చర్చి అయ్యాక అందరం తాత ఇంటి అరుగు మీదే తినేవాళ్ళం. కోడికూర వాసన బజారు దాకా వచ్చేది. కందనకాయ కోసం నేనూ అక్కా కొట్టుకుంటుంటే నానమ్మ దాన్ని తీసి తన నోట్లో వేసుకుని "ఇగ కొట్టుకోండ్రి" అనేది.

ఆ అరుగు మీద మా తాతది ఒక చట్టం ఉండేది. తాత అడవి నర్సరీలో పనిచేసి రిటైరైనవాడు, చర్చిలో సంఘపెద్ద, సంఘమంతా యేసు పేర రొట్టె పంచుకునే ప్రభుబల్ల నాడు ఆ పళ్ళెం పట్టుకుని తిరిగేది ఆయనే. బైబిలు మీద ఎవరు వాదానికి దిగినా, ముందుగా ఎదుటివాడికి బలమిచ్చే వాక్యం వెతికి, గట్టిగా, తప్పుల్లేకుండా చదవాలి. ఆ తరవాతే తన వాక్యం. గొణిగినా, మధ్యలో మింగినా తాత ఒప్పుకునేవాడు కాదు. "ఎదుటోని వాక్యం గూడ దేవుడిచ్చిందే. నీ మూతి ఎందుకు వంకర పోతాంది? మల్ల చదువు" అనేవాడు. చచ్చినవాళ్ళను తలుచుకోవచ్చా, పంది మాంసం తినొచ్చా, ఆడవాళ్ళు ముసుగు వేసుకోవాలా, ఇలాంటివన్నీ మా అరుగు మీద ఆ పద్ధతిలోనే తేలేవి. తేలకపోతే కూర చల్లారేది, నానమ్మ తిట్లు వేడెక్కేవి.

పెద్దనాన్న ఊళ్ళో టైలరు. బడిపిల్లల యూనిఫారాలు, ఆడవాళ్ళ జాకెట్లు, పాస్టరుగారి తెల్ల లాల్చీలు అన్నీ ఆయన మిషను మీదివే. ఆ ఏడాది చలికాలంలో పెనుబల్లి వైపు నుంచి ఒక బోధకుడు మా పల్లెలకు తిరగడం మొదలుపెట్టాడు. మర్యాదస్తుడు, మాట మెత్తన. ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చి దుకాణంలో కూర్చున్నవాడు వారం వారం వచ్చాడు. యేసు దేవుని కుమారుడే గానీ దేవుడు కాడని, దేవుడు చేసినవాళ్ళందరిలో మొదటివాడని ఆయన బోధ. పెద్దనాన్న ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టు. సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చేసరికి ఆయన ప్రార్థనల్లో "యేసుదేవా" అన్న పిలుపు మాయమైంది. మట్టల ఆదివారం రూతక్కను ఊరేగింపుకు పంపలేదు. నేను రెండు ఈతమట్టలు పట్టుకుని ఒక్కదాన్నే నడిచాను. ఏడుపు ఆపుకుంటూ పాడితే పండగ పాట హోసన్న కూడా చావుపాటలాగే వస్తుందని ఆ రోజే తెలిసింది.

పాస్టరుగారు కుర్రాడు, నియమాల మనిషి. యేసు దేవుడని ఒప్పుకోనివాళ్ళకు ఈస్టరు నాడు ప్రభుబల్లలో చోటు లేదని చెప్పేశాడు. పెద్దనాన్న ఊరుకుంటాడా? "బల్ల కాడ చోటు లేని కాడ నాకు ఊరెందుకు? పెనుబల్లిల ఇల్లు కిరాయికి మాట్లాడుకున్న. ఈస్టరు ఎల్లంగనే పోతాన" అన్నాడు. నాన్నతో మాటలు ఆగిపోయాయి. ఆదివారం అరుగు మీద విస్తళ్ళు సగమైపోయాయి. రూతక్క నా దగ్గరికి వచ్చి, "ఏమే, మీ నాయన మా నాయనను గెలిస్తే మేం పోం కదా?" అంది. పెద్దవాళ్ళకు అది దేవుడి సంగతి. నాకు మా అక్క సంగతి. యేసు దేవుడని రుజువైతే అక్క ఉంటుంది, కాకపోతే వెళ్ళిపోతుంది, అంతే నాకు తెలిసింది.

తాత ఇద్దరు కొడుకులనూ పిలిచి, ఈస్టరు ముందటి శనివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చోమన్నాడు. చట్టం మామూలే. నాన్న ఆశ్రమ పాఠశాలలో తెలుగు పంతులు, బెత్తం లేకుండానే భయపెట్టగల గొంతు ఆయనది. ఆ గొంతుతో ఆయన ముందుగా తన అన్నకు బలమిచ్చే వాక్యాలు చదవాలి. చదివాడు. తండ్రి నాకంటే గొప్పవాడని యేసే చెప్పిన చోటు, లోకం ముగిసే దినమూ గడియా కుమారుడికి కూడా తెలియదని చెప్పిన చోటు, నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడొక్కడే మంచివాడని ఒక మనిషితో అన్న చోటు చదివాడు. ఆ తరవాత గెత్సేమనే తోటకు వచ్చాడు. సిలువకు ముందు రాత్రి, ఈ శ్రమల గిన్నె నా నుంచి తప్పించమని యేసు నేలమీద పడి తండ్రిని బతిమాలే ఘట్టం. సగంలో నాన్న ఆగి, చదివిన మాటకే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. వందసార్లు చదివిన మాటలే, కానీ ఎప్పుడూ తన వైపు నుంచే చదివాడు. ఆ రోజు అన్న వైపు నుంచి చదివితే ఆ తోటలో ఉన్న మనిషి భయం మొదటిసారి కనబడిందని తరవాత మాకు చెప్పాడు. కళ్ళు తుడుచుకుని, "అన్నా, నువ్వు చెప్పేది ఉత్తది కాదు. ఆయన నిజంగ మనిషే" అన్నాడు.

పెద్దనాన్న మెత్తబడ్డాడు గానీ వదల్లేదు. ఆయన వంతు వచ్చింది. ఆదిలో ఉన్న వాక్యమే దేవుడని, ఆ వాక్యమే యేసుగా పుట్టిందని యోహాను రాసిన మొదటి మాటలు చదివాడు. పక్షవాతం మనిషి పాపాలను యేసు క్షమిస్తే, దేవుడు తప్ప పాపాలు క్షమించేవాడెవడని యూదుల శాస్త్రులు గొణుక్కున్న కథ చదివాడు. చివరికి తోమా కథ. యేసు చచ్చి లేచాడంటే, గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమా, చూశాక యేసును తన ప్రభువనీ తన దేవుడనీ పిలిచిన చోటు. చదివి, బైబిలు మూసి, "ఇది ఆశ్చర్యంల అన్న మాట. దెబ్బ తగిలితే అమ్మో అంటం, గట్ల" అన్నాడు. మాకు నవ్వొచ్చింది. నాన్నకు రాలేదు.

"సరే అన్నా, గట్లనే అనుకుందాం. మరి తోమా మాటను యేసు వద్దన్నడా?" అని అడిగాడు నాన్న. "కొర్నేలీ తన కాళ్ళ మీద పడితే పేతురు ఆయన్ను లేపి, నేనూ మనిషినే అన్నడు. జనం దేవుళ్ళనుకోని పూలదండలు తెస్తే పౌలు, బర్నబా బట్టలు చింపుకున్నరు. దేవదూత గూడ నాకు మొక్కకు అన్నడు. మొక్కించుకోనీకి అందరూ వణికిన పుస్తకమిది. ఈయన ఒక్కడే వద్దనలే. తోమా మాట తప్పైతే, అది అక్కడనే దిద్దాల్నా వద్దా?"

ఇప్పటికీ ఆ ప్రశ్నను మించిన ప్రశ్న నేను వినలేదు. తరవాత కాలేజీలో, ఉద్యోగంలో, ఎందరో తెలివైనవాళ్ళు ఈ మాటకు ఎదురు వాదించగా విన్నాను. బైబిలు యేసును దేవుడనే చెబుతుందనడానికి నాకు ఆ అరుగు మీది మాటే చాలు. పెద్దనాన్న వైపు వాక్యాలూ అబద్ధం కావు. అవి లేకపోతే ఆయన మన కష్టం తెలియని దేవుడైపోతాడు.

పెద్దనాన్న మూసిన బైబిలు మళ్ళీ తెరిచి, తోమా కథ వేలు పెట్టి చదువుకున్నాడు. ఆయన ఒప్పుకుంటాడని నేనూ అక్కా ఒకరి చెయ్యి ఒకరం నలిపేసుకున్నాం. ఆయన చివరికి, "నీ మాట సగం దిగింది తమ్మీ, సగం దిగలే. దిగిందని అబద్ధమాడి రొట్టె ముట్ట" అన్నాడు. నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం పెద్దమ్మ కుట్టుమిషనుకు గోనెసంచులు చుట్టడం నేను చూశాను.

ఈస్టరు నాడు పొద్దు పొడిచేసరికి సమాధుల దగ్గర పాటలు పాడి చర్చికి వచ్చాం. బల్ల సమయానికి బాప్తిస్మం కాని పిల్లలం బయట మెట్ల మీదకు వెళ్ళిపోవడం మా దగ్గర ఆనవాయితీ. మేము వెళ్ళి కూర్చున్నాం. కాసేపటికి పెద్దనాన్న లేచి వచ్చి మా పిల్లల మధ్య, కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అంత పెద్ద మనిషి, మా అందరి మోకాళ్ళ మధ్య. రూతక్క తల వంచేసుకుంది. లోపల పాట మొదలైంది. అప్పుడే తాత రొట్టె పళ్ళెం బల్ల మీద పెట్టేసి, సంఘమంతా చూస్తుండగా నడుచుకుంటూ తలుపు దాటి, మెట్లు దిగి, పెద్దనాన్న పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వెందుకొచ్చినవ్ నాయనా? లోపలికి పో. రొట్టె పంచాలె కదా."

"ఆయన దేవుడై ఉండి మన కాడికి దిగొచ్చిండని నమ్మేటోణ్ని నేను. ఆయన గంత దూరం దిగితే, నా కొడుకు కోసం నేను ఈ మెట్లు దిగలేనారా?"

పెద్దనాన్న మావైపు తిరిగి, "తాతకు దూప అయితాంది, నీళ్ళు తెండ్రే" అన్నాడు. మర్నాడు కుట్టుమిషను గోనెసంచులు విప్పి మళ్ళీ వరండాలోకి వచ్చింది. పెనుబల్లి ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడలేదు, మేం అడిగితే ఎక్కడ గుర్తొస్తుందోనని అడగలేదు.

నెలనెలా బల్ల వచ్చినప్పుడల్లా తండ్రీ కొడుకులు మెట్ల మీదే. సంఘపెద్దే బయట కూర్చుంటే ఎట్లా అని పాస్టరుగారు మొత్తుకునేవాడు. "నేను వాక్యం ప్రకారమే కూసున్న అయ్యా" అనేవాడు తాత. ఎండలు పోయాయి, ఇప్పపువ్వు అయిపోయి ఇప్పకాయలు వచ్చాయి. వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి పొంగి బస్సులు ఆగిపోయిన ఒక ఆదివారం, జల్లు మెట్ల మీదకే కొడుతోంది. తాత తువ్వాలు నెత్తిన వేసుకుని దగ్గుతూ కూర్చున్నాడు. పెద్దనాన్న ఉన్నట్టుండి లేచాడు.

"లెవ్ నాయనా. లోపలికి పోదాం."

"వాన కోసమైతే వద్దు కొడుకా. నేను తడుస్త గానీ నిన్ను తొందర చెయ్య."

"వాన కోసం కాదు" అన్నాడు పెద్దనాన్న. తడిసిన చొక్కాతో గుమ్మంలో నిలబడి, పాస్టరుగారు అడగకముందే, తోమా అన్న ఆ మాటే అన్నాడు. ఆశ్చర్యంలో అన్నట్టు లేదు. బట్టకు కొలత తీసుకుని, ఇంకోసారి చూసుకుని చెప్పినట్టు మెల్లగా అన్నాడు. నాన్న లోపలి వరసలోంచి లేచి వచ్చి అన్న భుజం మీద నీళ్ళు తుడుస్తూ నిలబడిపోయాడు. రూతక్క నా జడ పట్టుకుని ఎంత గట్టిగా గుంజిందంటే, నేను ఏడ్చింది అందుకేనని అందరితో చెప్పాను.

ఇప్పుడు తాత లేడు, నానమ్మ లేదు, అరుగును కొట్టేసి షెడ్డు వేశారు. రూతక్క పాల్వంచలో నర్సు, పెద్దనాన్న ఆమె దగ్గరే ఉంటాడు. యేసు దేవుడా కాదా అన్న వాదాలు ఇప్పుడు ఫోన్లలో జరుగుతున్నాయి. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు అరుస్తాడు, ఎదుటివాడి వాక్యం చదివే పాపాన ఎవడూ పోడు. ఊళ్ళో చర్చి కొత్తది కట్టారు, చక్కగా ఉంది, టైల్సు, మైకు, అద్దాల తలుపు. మెట్లు తీసేసి బండ్లు ఎక్కేలా వాలుగా సిమెంటు పోశారు. పోయిన ఈస్టరుకు వెళ్ళినప్పుడు బల్ల సమయానికి, అందులో చోటు లేని ఒక కుర్రాడు తల వంచుకుని బయటికి నడిచాడు, బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. దేవుడు దిగివచ్చాడని లోపల మైకులో అందరం గట్టిగానే పాడుతున్నాం. ఆ పిల్లవాడి వెనక ఒక్కరమూ దిగలేదు.