యుద్ధంలో నేనొక్కడినే గెస్టుని

ఆ రోజుల్లో కువైట్‌కు పోయేవాడికి ఊళ్లో ప్రతివాడూ ఒక సలహా కట్టి పంపేవాడు. ఎండలో తలకు గుడ్డ చుట్టుకోమని ఒకరు, కఫీల్‌కు అంటే వీసా ఇచ్చిన యజమానికి ఎదురు మాట్లాడొద్దని ఒకరు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాన్ని ప్రాణంకన్నా భద్రంగా దాచుకోమని ఇంకొకరు. అక్కడికి పోయాక కాలుమీద కాలేసుకుని సముద్రపు ఒడ్డున పడుకోవలసి వస్తే ఎలా పడుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను అంత అవస్థ పడేవాణ్ణి కాదు. మొన్న మా మేనల్లుడొకడు కరేబియన్ దీవుల్లోని రిసార్టుకు ఒంటరిగా పోయివచ్చాడు. "ఒక్కసారి డబ్బు కడితే చాలు మామా, తిండీ పడకా సముద్రం అన్నీ అందులోనే" అని వాడు గొప్పలు పోతుంటే నేను లోలోపల నవ్వుకుంటూ విన్నాను. అంతకన్నా పెద్ద వైభోగం నేను వాడు పుట్టకముందే అనుభవించాను. నాకైతే చుట్టూ సైన్యం కూడా ఉండేది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు నిండీ నిండలేదు. రాజంపేట పక్క పల్లె నుంచి పోయి, మహబూలా దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక రిసార్టులో పనికి కుదిరాను. దాని యజమాని ఎప్పుడో కరేబియన్ దీవులు చూసివచ్చి మనసు పారేసుకున్నాడట. వాటిని కువైట్‌కే తెచ్చేద్దామని ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పాతించి, తాటాకు గొడుగులు నిలబెట్టించి, పనివాళ్లందరికీ చిలకల బొమ్మల చొక్కాలు కుట్టించాడు. వచ్చినవాళ్ల చేతికి ఒక పసుపు పట్టీ కట్టేవాళ్లు. అది ఉన్నన్నాళ్లూ ఏం తిన్నా, ఏం తాగినా అడిగేవాడు లేడు. (తాగడమంటే దానిమ్మరసమే. ఆ దేశంలో అంతకుమించి దొరకదు. దానికే ఒక కాగితం గొడుగు గుచ్చి ఇచ్చేవాళ్లు.) నా పని తువ్వాళ్లు. తడిసినవి ఏరడం, ఎండినవి మడవడం, కుర్చీలు తుడవడం, గెస్టు ఎదురైతే గోడకు అతుక్కుని దారివ్వడం. వంటింటికి పెద్ద ఒకాయన, నరసాపురం వైపు మనిషి. ఆయన్ను నేను చిన్నాయనా అనేవాణ్ణి. ఆయన చెయ్యి పడితే గడ్డి కూడా కమ్మగా ఉంటుందని పేరు. కోపమూ అదే స్థాయిలో ఉండేది. తన వంట ఎవరైనా సగం వదిలేస్తే ఆ పూటంతా గిన్నెలతో మాట్లాడేవాడు, మనుషులతో కాదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చిపడింది. సిటీ వైపు పొగ లేచింది. గెస్టులు తడిబట్టలతోనే కార్లెక్కి సౌదీ దారి పట్టారు. మేనేజరు తాళాలగుత్తి చిన్నాయన చేతిలో పెట్టి "సాయంత్రానికి వచ్చేస్తా" అని పోయాడు. (ఇంకా రాలేదు.) మిగతా పనివాళ్లు తలో దారీ అయ్యారు. చివరికి మిగిలింది నేనూ, చిన్నాయనా, నిండుగా ఉన్న సరుకుల గది. ఆ తర్వాత ఒక్కొక్కరే వంటింటి వెనక తలుపు తట్టడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల విల్లాల్లో ఇంటిపని చేసే మన ఆడవాళ్లు, యజమానులు వదిలేసి పోయినవాళ్లు. అందరికన్నా ముందు వచ్చింది రాయచోటి అక్క.

"మా యజమానమ్మ వాళ్లు కారెక్కి పోయినారు. నాకు చోటు ల్యాదంట. కుక్కపిల్లకుండాది, నాకు ల్యాదంట!" అని ఆమె గడపలోనే కూలబడింది.

"కుక్కపిల్ల సంగతి దేవుడు సూసుకుంటాడు గానీ, నువ్వు ముందు లోపలికి రామ్మా. అన్నం ఉంది, కోడికూరుంది. సుబ్బరంగా తినేసి, అప్పుడేడుద్దువుగాని" అన్నాడు చిన్నాయన.

అలా పదిమందికి పైగా అయ్యాం. ఇండియావాళ్లను తీసుకుపోవడానికి బస్సులు వస్తాయని పుకారు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. అంతవరకూ మా ప్రాణాలన్నీ ఆ వంటింట్లోనే ఉన్నాయి. బయట ఖాళీగా కనబడిన ప్రతి భవనాన్నీ సైన్యం ఊడ్చేస్తోంది. ఫ్రిజ్జులు, మంచాలు, బియ్యం మూటలు, చివరికి తలుపుల గొళ్లేలు కూడా లారీలెక్కి ఉత్తరానికి పోతున్నాయి. మా వంతు రావడమే తరువాయి.

వచ్చింది. ఒక కెప్టెన్ నలుగురు సిపాయిలతో జీపు దిగాడు. ఊళ్లో అంతా మామూలుగా ఉన్నట్టు కనబడాలని పైవాళ్ల హుకుమట. నడుస్తున్న దుకాణాన్నీ హోటలునూ ముట్టరు, మూసివుంటే వదలరు. "ఇది నడుస్తోందా, మూసేశారా?" అని ఆయన అరబ్బీలో అడిగాడు. "నడుస్తోంది సీదీ" అన్నాడు చిన్నాయన. (సీదీ అంటే వాళ్ల భాషలో అయ్యా అని.) "గెస్టులు లేకుండా నడిచే హోటలా?" "ఉన్నాడు సీదీ, ఒక గెస్టు." "ఏడీ?"

ఆ సమయానికి నేను కుర్చీలు మోసీ మోసీ ఎండ దెబ్బకు కళ్లు తిరిగి, చొక్కా విప్పేసి, ఒడ్డున ఒక వాలు కుర్చీలో తడి తువ్వాలు మొహాన వేసుకుని పడి ఉన్నాను. చిన్నాయన వేలు అటు తిరిగింది. బొంబాయి వ్యాపారినట. విశ్రాంతి కోసం ఒంటరిగా వచ్చానట. "యుద్ధం జరుగుతుంటే విశ్రాంతి ఏంటి?" అని కెప్టెన్ అడిగితే, "డబ్బు ముందే కట్టేశాడు సీదీ. కట్టిందంతా తినేదాకా కదలనంటున్నాడు" అన్నాడట. కెప్టెన్ తలూపి, తన పెదనాన్న కూడా అంతేనన్నాడట. ఇదంతా నాకు తర్వాత చెప్పారు. అప్పటికి నాకు తెలిసిందల్లా, కళ్లు తెరిచేసరికి నా చేతికి పసుపు పట్టీ ఉంది, పక్కన కాగితం గొడుగు గుచ్చిన దానిమ్మరసం ఉంది, రాయచోటి అక్క చిలకల చొక్కా తొడుక్కుని విసనకర్రతో విసురుతోంది.

"గమ్మున పండుకో అబ్బోడా, కదిలితే అందరం పోతాం" అంది ఆమె పళ్ల బిగువున.

ఆ విధంగా నేను గెస్టునయ్యాను. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదే స్వేచ్ఛ ఉంటుంది. నాకు అదీ లేదు, ఎందుకంటే గెస్టు కంగారు పడకూడదు. ఎవరో వదిలేసిపోయిన పొట్టి లాగు, నల్లకళ్లద్దాలు తగిలించి పొద్దున్నే నన్ను ఒడ్డున పరిచేవాళ్లు. సిపాయిలు నా చుట్టూ కందకాలు తవ్వుతుండేవాళ్లు. ఒకడు ముళ్లతీగ చుట్ట దొర్లించుకుంటూ వచ్చి, నా కుర్చీ దగ్గర ఆగి, కాస్త కాళ్లు పైకెత్తమని ఎంతో మర్యాదగా సైగ చేశాడు. ఎత్తాను. కింద నుంచి తీగ లాక్కుపోయాడు. (అలవాటు చొప్పున లేచి సాయం పట్టబోతే వంటింటి కిటికీలోంచి గరిటె చప్పుడైంది. మళ్లీ పడుకున్నాను.) ఒక్క గెస్టుకు పదిమంది సేవకులు. ఎవరు నీళ్లు తెచ్చినా లేచి నిలబడేవాణ్ణి. తుడుచుకున్న తువ్వాలు నాకు తెలియకుండానే నాలుగు మడతలు పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం కాగానే తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చుని ముళ్లగరిటెతో చేపల పులుసు తినాలి. పులుసు ముళ్లగరిటెలోంచి కారిపోయేది, చేపముల్లు నా గొంతులో మిగిలేది. తిండికి రుచి మరిగిన కెప్టెన్ రోజూ ఆ వేళకే వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుని నావంక చూస్తూ తినేవాడు.

ఒకరోజు ఆయన వంటింట్లోకి వచ్చి చిన్నాయనతో చెప్పాడు. రేపు మా కర్నల్ వస్తున్నాడు, వెంట ఖాళీ లారీలు కూడా వస్తున్నాయి, నీ గెస్టును చూసి నమ్మితే సరి. ఆపైన ఇంకో మాట అన్నాడు. తనను సైన్యంలోకి లాక్కురాకముందు బస్రాలో ఒక హోటల్లో పనిచేసేవాడట. "నేను చాలామంది గెస్టుల్ని చూశాను. ఒక్క ఫిర్యాదూ చేయని గెస్టును మాత్రం ఇక్కడే చూస్తున్నాను. డబ్బు కట్టినవాడు అరుస్తాడు. మీవాడు దొంగతిండి తిన్నట్టు తలొంచుకుని తింటాడు" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నాకు ఫిర్యాదు నేర్పే బడి పెట్టారు. ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఇంట్లో మా అమ్మ పెట్టిన చట్టం ఒకటుంది. కంచంలో పడినదానికి వంక పెట్టకూడదు. పెట్టినవాడికి మళ్లీ పూట అన్నం పుట్టదు. మాడినా, ఉప్పు మరిచినా, పురుగొచ్చినా, పక్కకు తీసి మిగతాది తినడమే. నేను చేయని తప్పులు తక్కువే గానీ ఆ ఒక్కటీ అంతవరకూ చేయలేదు.

"అనరా అబ్బాయ్, ఈ పులుసు బాగోలేదని ఒక్కసారి అను" అన్నాడు చిన్నాయన.

"బాగుండాది గదా చిన్నాయనా."

"బాగుందని నాకు తెల్దేంట్రా? అబద్దం ఆడమంటున్నాను!"

"అబ్బోడా, మా కడుపుల కోసరమన్నా అనురా సామీ" అని అక్క గడ్డం పట్టుకుంది.

కళ్లు మూసుకుని, మా అమ్మకు మనసులోనే దండం పెట్టుకుని, "పులుసులో చింతపండు ఎక్కువయింది" అన్నాను. చిన్నాయన మొహం జేగురు రంగయింది. "ఏంటీ? చింతపండెక్కువైందా? నీ జన్మలో ఇలాంటి పులుసు తిన్నావేంట్రా? ఎక్కడెక్కువైందో సూపించు!" అని గరిటెతో నా మీదికొచ్చాడు. అక్క మధ్యలో పడి విడదీసింది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ముక్క ఉడకలేదన్నాను. ఆయన తలపాగా విప్పి నేలకు కొట్టి, నరసాపురంలో తన పులుసు తిని ఏడ్చిన పెద్దమనుషులందరినీ తలుచుకున్నాడు. చివరికి నాకు ఫిర్యాదూ రాలేదు, ఆయనకు సహనమూ రాలేదు. అందరం భయంతోనే పడుకున్నాం.

మర్నాడు కర్నల్ వచ్చాడు. మనిషి లావు, మాట అంతకన్నా లావు. బయట లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి. ఆయన కెప్టెన్‌తో కలిసి నా పక్క బల్ల దగ్గరే కూర్చున్నాడు. అక్కా, మిగతా ఆడవాళ్లూ చిలకల చొక్కాల్లో గోడవారగా నిలబడ్డారు. నాకు పులుసు వడ్డించారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు! కళ్లముందున్న సముద్రమంతా ఆ గిన్నెలోకి వచ్చినట్టుంది. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. అక్క వైపు చూస్తే, ఇప్పుడను, ఇప్పుడను అని కళ్లతో ఒకటే సైగలు. నోరు తెరిచాను. మా అమ్మ గుర్తొచ్చింది. మూసుకుని మింగేశాను. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. గిన్నె ఖాళీ అయింది. పాడు అలవాటు, ఇంకొంచెం వేయమని చెయ్యి చూపించాను. అక్క నెత్తి బాదుకుంది.

అదే పులుసు కర్నల్‌కూ వడ్డించారు. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు. గిన్నెను తోసేసి బల్ల గుద్ది, చిన్నాయన్ను పిలిపించి, ఇది మనుషులు తినే తిండేనా అన్నట్టు అరబ్బీలో విరుచుకుపడ్డాడు. నేలమీద పడిన చేపముక్కనీ, తలవంచుకుని నిలబడిన చిన్నాయన్నీ చూశాను. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. యుద్ధం గుర్తులేదు, కర్నల్ నడుముకున్న పిస్తోలు గుర్తులేదు. లేచి వేలు చూపిస్తూ అరిచాను.

"తినేకాడ కూచోని కూటికి వొంక పెడతావా? ఇంత కూడు పుట్టక ఎంతమంది అల్లాడతాండారో నీకు తెలుసునా? ఉమ్ముతావా? మీయమ్మ నీకు నేర్పిచ్చింది ఇదేనా? తింటే తిను, ల్యాకుంటే లేచి చెయ్యి కడుక్కో!"

సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. కర్నల్ మెల్లగా నావైపు తిరిగి, ఇతనేమంటున్నాడని చిన్నాయన్ను అడిగాడు. చిన్నాయన చేతులు కట్టుకుని, ఎంతో నొచ్చుకుంటున్న గొంతుతో చెప్పాడు. "క్షమించాలి సీదీ. ప్రశాంతత కోసం ఇంత డబ్బు పోస్తే పక్క బల్ల దగ్గర ఈ అరుపులేంటని అడుగుతున్నారు. తినే హాల్లోకి బూట్లతో ఎవరు రానిచ్చారని అడుగుతున్నారు. నా ఉద్యోగం ఊడబెరికిస్తానంటున్నారు."

కర్నల్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. పొట్టి లాగు, పసుపు పట్టీ, కన్నీళ్లు, ఇంకా చాచే ఉన్న వేలు. ఉన్నట్టుండి బొజ్జ కదిలేలా నవ్వాడు. "వీడు నిజమైన గెస్టే. వీళ్లను భగవంతుడు కూడా తృప్తి పరచలేడు" అని, నావైపు తిరిగి గుండెమీద చెయ్యి వేసుకుని క్షమాపణ చెప్పి, లారీలను పక్క భవనానికి తోలించాడు. వాళ్లు పోయాక అక్క ఒప్పుకుంది. "నేనే పిడికెడు ఉప్పు ఏసినా. అప్పుడన్నా నోరు తెరుస్తాడనుకుంటి." ప్రాణాలు దక్కాయని మేమంతా గంతులేస్తుంటే చిన్నాయన మాత్రం ఆమెతో మాటలు మానేశాడు. తన పులుసు మీద చెయ్యి చేసుకుందని.

ఆ తర్వాత కొన్నాళ్లకు బస్సుల మాట నిజమైంది. బస్రా మీదుగా జోర్డాన్‌కు, అక్కడినుంచి విమానంలో బొంబాయికి. మర్నాడు పొద్దున్నే సిటీకి చేరుకోవాలి. ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే బల్ల దగ్గర తింటే, మిగతావాళ్లు నేను లేచాక వంటింట్లో నిలబడి తిన్నారు. చివరి మధ్యాహ్నం నేను పట్టుబట్టాను. బల్లలన్నీ కలిపి తెల్లగుడ్డ పరిచి అందరినీ కూర్చోబెట్టి, చిన్నాయన్ను కూడా భుజాలు పట్టి కూర్చోబెట్టి, చిలకల చొక్కా తొడుక్కుని నేను వడ్డించాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ అక్క కావాలనే నన్ను పదిసార్లు తిప్పింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కెప్టెన్ వచ్చాడు. ఎప్పటిలా ఆయన తిండివేళ. సేవకులందరూ బల్లల దగ్గర, బొంబాయి వ్యాపారి చేతిలో అన్నం గిన్నె. ఆయన గడపలో నిలబడి అందర్నీ ఒక్కొక్కరిగా చూశాడు. టోపీ తీసి అక్క పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుని, నాకేసి పళ్లెం జరిపాడు. వడ్డించాను. ఆయన ముళ్లగరిటె పక్కన పెట్టి, మాలాగే చేత్తో కలుపుకుని పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. లేచేటప్పుడు చిన్నాయనతో ఏదో అన్నాడు. ఆయన పోయాక ఆ ఖాళీ పళ్లెం తీస్తూ చిన్నాయన మాకు చెప్పాడు. "ఈ ఊరొచ్చాక గెస్టుగా తిన్న అన్నం ఇదొక్కటేనంటన్నాడ్రా."

ఇప్పుడు నేను ఏ హోటలుకు పోయినా భోజనం ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండం అంటాను. నాకు రుచి తెలియదని మా ఆవిడ తీర్మానించింది. తెలియకనే పోనీ అనుకుంటాను. ఆ కెప్టెన్ బస్రాకు తిరిగి చేరాడో లేదో, ఆ హోటల్లో మళ్లీ గెస్టుల అరుపులు వింటున్నాడో లేదో నాకు తెలియదు. వినాలనే నా కోరిక. వాళ్లు అరుస్తుంటే ఆయన తలవంచుకుని నవ్వుకోవాలని.