పుర్రెల ఫోటోలు తీసేవాడి వంట

గల్ఫ్‌లోని ఖబూరాలో నేను నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌ని. కొండల వైపున్న ఒంటెల దొడ్లకు నీళ్లు పోసి రావడం నా డ్యూటీ. దారిలో ఎండిన వాగుల్లో ఎముకలు కనిపిస్తాయి. మేకవి, గాడిదవి, ఒంటెవి. ట్యాంకర్ ఆపి ఫోన్‌తో ఫోటోలు తీస్తాను. తీయమని నాకెవరూ చెప్పలేదు, కాబట్టి మానేయమని చెప్పే హక్కూ ఎవరికీ లేదని నా లెక్క.

పుర్రెను తీయడం పెళ్లికూతుర్ని తీయడం కన్నా సులువు. కదలదు, గడ్డం ఎత్తమ్మా అని బతిమాలక్కర్లేదు. కష్టమల్లా మనకే. బోర్లా పడుకొని, మోచేతుల్లో గులకరాళ్లు గుచ్చుకుంటుంటే, దాని కళ్లగుంతల ఎత్తుకు ఫోన్ దించాలి. పొద్దుటి ఎండ పక్కనుంచి పడితేనే పళ్లు విడివిడిగా తెలుస్తాయి. మధ్యాహ్నం తీస్తే సున్నపు ముద్దే. ఒక్కదాన్నీ ముట్టుకోను, తిప్పను. ఏడో తరగతిలో సైన్సు సారు బోర్డు మీద పుర్రె గీస్తే దానికి మీసాలు పెట్టి బడికి దూరమైనవాణ్ణి. ఆ పాఠం ఇప్పుడు పూర్తి చేస్తున్నాను.

మా రూములో నలుగురం, అందరం జగిత్యాల వైపువాళ్లమే. పెద్దాయన్ని కాకా అంటాం. మొన్న చలికాలంలో ఒకడు బాత్రూంలో జారి కాలు బెణికించుకున్నాడు. ఇంకొకడి సెలవు కాగితం కంపెనీలో ఆగిపోయింది. కాకా ఈ రెండూ కలిపి చూసి, అంతా నా ఫోన్‌లోని పుర్రెల వల్లేనని తేల్చాడు.

ఆ శుక్రవారం వంట నాది. మటన్ కూర చేశాను. కింద పేపరు పరిచి కూర్చున్నాక ఎవరూ గిన్నె వైపు చెయ్యి చాపలేదు.

"ఏంది కాకా, ఉప్పెక్కువైందా?"

"ఉప్పు గాదు బిడ్డా. గా పుర్రెల నడుమ పొర్లొచ్చి వండినవ్. బాణామతి చేసేటోళ్లు సుత గట్లనే బొక్కల చుట్టు తిరుగుతరు."

"బాణామతి ఫోన్ల పనిచేస్తే ముందుగాల మన సూపర్‌వైజర్‌కు చేస్తుంటి గదా."

కాలు బెణికినవాడు నవ్వబోయి, కాకా మొహం చూసి దగ్గాడు.

"ఇగిలిచ్చుడు బంజెయ్. గా ఫోటోలన్నీ మా కండ్ల ముంగట తీసెయ్. లేకుంటే ఇగ వంటల నువ్వు లేవు, మాతోని తినుడు లేదు."

గల్ఫ్ రూములో అది చిన్న మాట కాదు. రోజంతా ఎండలో తిరిగి వచ్చినవాడికి నలుగురితో కలిసి తినే అరగంటే దక్కేది. ఫోన్ తెరిచాను. ముగ్గురూ మెడలు చాపారు.

ముందొచ్చింది ఒక ఆడ ఒంటె పుర్రె. నేను పైపు విప్పగానే ఆ ఒంటె మందలో అన్నిటికన్నా ముందొచ్చి మూతి పెట్టేది, నా చొక్కా జేబు నమిలేది. రెండేళ్లు నా చేతి నీళ్లు తాగింది. జబ్బుచేసి పోతే యజమాని వాగు అవతల వదిలేశాడు. కింది దవడలో విరిగిన పన్ను చూసి గుర్తుపట్టాను. బతికుండగా దానికి ఎవరూ ఫోటో తీయలేదు. నేనూ తీయలేదు.

ఫోన్ జేబులో పెట్టుకొని గిన్నె మూత తీశాను.

"తీసెయ్య, కాకా."

పెద్ద మూలుగ బొక్క నా పళ్లెంలో వేసుకున్నాను. "మొన్న గిదే బొక్క కోసం మీరే కొట్లాడుకుంటిరి. బొక్క నోట్ల ఉంటే బలం, ఫోన్ల ఉంటే బాణామతా?"

"మాట్లాడకు," అన్నాడు కాకా.

"మాట్లాడ. తింట."

ఎముకను పళ్లెం అంచుకు కొట్టి, కావాలనే చప్పుడు చేస్తూ మూలుగ పీల్చాను. నలుగురి కూర రెండు రోజులు ఒక్కణ్ణే తిన్నాను. కడుపు నొచ్చింది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.

అప్పటినుంచి నా గిన్నె వేరు. ఒంటరిగా తినడం బాగుందని అబద్ధమాడను. కానీ తర్వాతి వారమే బజారులో స్టూడియోకు పోయి ఆ ఒంటె పుర్రెను చేటంత ప్రింటు తీయించి, నా మంచం పైన గోడకు కొట్టాను.

"దింపుతవా, దింపవా?" అన్నాడు కాకా.

"దింప. గోడల నా వంతు లేదా?"

ఆయన లేచి, దిండు తీసుకుపోయి తన మంచం రెండో కొసన వేసుకున్నాడు. ఇప్పుడు ఆయన పాదాలు నా ఒంటె మొహానికి ఎదురుగా ఉంటాయి. దానికేం పట్టింపు లేదు. నాకూ లేదు.