పెళ్లి టైర్లు

2022 వేసవి చివర. నార్కట్‌పల్లి కూడలి దాటాక, హైవే సర్వీసు రోడ్డు పక్కన ఉన్న ఒక గ్యారేజీలో నేను పనికి చేరి అప్పటికి మూడేళ్లు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివాను. కిరాయి బళ్లను ఎఫ్‌సీకి తయారు చేయడం మా గ్యారేజీలో ముఖ్యమైన పని. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కిరాయికి తిరిగే బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా పరీక్షకు వెళ్లాలి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రాయించుకోవాలి. ఆ పరీక్ష చేసే అధికారిని మా వైపు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆయన లైట్లు చూస్తాడు, హారన్ వింటాడు, టైర్లు, సీట్లు, పొగ అన్నీ చూస్తాడు. జనం పెట్టుకున్న పేరులో మాత్రం బ్రేకు ఒక్కటే ఉంది.

వచ్చిన బండిని ముందుగా చూసి లోపాల జాబితా రాయడం, ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేయడం నా పని. స్లాట్ అంటే పరీక్షకు ఇచ్చే రోజూ, వేళా. నాకు మాటలు తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే చీటీ మీద రాసి చేతిలో పెట్టేదాన్ని. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ రోజు వచ్చిన ప్రతి బండి గురించీ డైరీలో రాసుకునేదాన్ని. నంబరు, రంగు, ఏం పాడైంది, తెచ్చిన మనిషి ఏమన్నాడు. అది ఎప్పుడో పనికొస్తుందని అనుకోలేదు. టేబుల్ సొరుగులో దాచుకున్న లైబ్రరీ నవల లాగే అదీ నా సొంత వ్యవహారం.

గ్యారేజీ యజమాని ఖాజా చాచా. ముప్పై ఏళ్ల అనుభవం. ఇంజను చప్పుడు విని బండి వయసు చెప్పగలడు. ఆయన దగ్గర వెనక షెడ్డులో నాలుగు మంచి టైర్లు, రిమ్ములతో సహా, గోనెపట్టా కప్పి ఉండేవి. అరిగిన టైర్లతో వచ్చిన వ్యాన్లకు పరీక్ష రోజు పొద్దున వాటిని తొడిగేవాళ్లు. సాయంత్రం తిరిగొచ్చాక విప్పి, పాత టైర్లు మళ్లీ బిగించేవాళ్లు. గ్యారేజీలో వాటిని పెళ్లి టైర్లు అనేవాళ్లు. ఒక్కరోజు వేసుకుని మడిచి పెట్టే పట్టుబట్టల్లాంటివి కదా మరి. కొత్తలో ఆ మాటకు నేనూ నవ్వాను.

ఒక బుధవారం మధ్యాహ్నం మర్రిగూడ వైపు నుంచి సైదులు అనే ఆయన, ఆయన భార్య రేణుక ఒక తెల్లటి వ్యాను తెచ్చారు. సైదులు పదిహేనేళ్లుగా పరాయివాళ్ల బళ్లు నడిపి, మొదటిసారి సొంతంగా కొన్న బండి అది. పదకొండేళ్లది. రేణుక చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. వాళ్ల ఊరి నుంచి మరో పదకొండు మంది ఆడవాళ్లు అదే పనికి వెళ్తారు. రెండు ఆటోలు మారి వెళ్లేసరికి వారంలో రెండు రోజులైనా గేటు మూసేస్తారు, ఆ పూట కూలి పోతుంది. కూలీలను పంపే మేస్త్రీ, ఎఫ్‌సీ కాగితం చూపిస్తే వచ్చే సోమవారం నుంచి ఆ రూటు సైదులుకే ఇస్తానన్నాడట. లేకపోతే ఇంకో బండి సిద్ధంగా ఉంది. పాత ఎఫ్‌సీ అప్పటికే ముగిసిపోయింది.

బండి అమ్మినతను ఇచ్చిన పాత కాగితాలన్నీ సైదులు ప్లాస్టిక్ కవరులోంచి తీసి నా ముందు పరిచాడు. ప్రతి ఏడూ పాసే. ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు.

“చూసిన్రా మేడమ్, క్లాసు ఫస్టు పిల్లగాని లెక్క ఉంది. ఈసారి గూడ పాసైతది గదా?”

నేను బండి చుట్టూ తిరిగి చూశాను. టైర్ల మీద గాడులు దాదాపు కనిపించడం లేదు, రబ్బరు నున్నగా అరిగిపోయింది. వైపర్ ఒకటి పని చేయడం లేదు. వెనక లైటు పగిలింది. పెడల్ తొక్కితే బండి ఆగుతోంది, కొంచెం ఎడమకు లాగుతోంది. ఇవన్నీ మేము ఒక పూటలో సర్దేవే. శుక్రవారం పొద్దున స్లాట్ ఖాళీగా ఉంటే బుక్ చేశాను. “పాసవుతుంది” అన్నాను. అది అబద్ధం కాదు. పెళ్లి టైర్లు తొడిగి, బ్రేకు కొంచెం బిగించి పంపితే తప్పకుండా పాసయ్యేది.

సైదులు సంతోషంగా టీ తాగడానికి వెళ్లాడు. రేణుక వెళ్లలేదు. పక్క సీటు మీద చెయ్యి పెట్టి నిలబడి, నన్ను మెల్లగా అడిగింది.

“పాసైతే అయితది, సరే. ఆగుతదా చెల్లె?”

మూడేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన వాళ్లు లేరు. అందరూ పాసైతదా అనే అడిగారు. జాబితా రాస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆమె కాసేపు చూసి, వాళ్లాయన వెనకే వెళ్లిపోయింది.

ఆ బండి నంబరు ఎక్కడో చూసినట్టు అనిపిస్తూనే ఉంది. ఇంటికి వెళ్లి డైరీలు తీశాను. దొరికింది, ఒకసారి కాదు, రెండుసార్లు. పాత యజమాని దాన్ని ముందు రెండేళ్లూ మా గ్యారేజీకే తెచ్చాడు. మొదటి ఏడు నేను రాసుకున్నది: “తెల్ల వ్యాను. ఎడమకు లాగుతోంది. బ్రేకు బిగించారు. పెళ్లి టైర్లు.” రెండో ఏడు కూడా దాదాపు అవే మాటలు. నా చేతిరాతే. బండి ప్రతి ఏడూ పాసయిందన్న కాగితాల్లో రెండింటికి నేనే స్లాట్ బుక్ చేశాను.

మర్నాడు పొద్దున డైరీ సంచిలో పెట్టుకుని వెళ్లాను. చాచాకు చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు పేజీలూ తెరిచి ఆయన టేబుల్ మీద పెట్టాను. చాచా కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“నా దుకాణంల కూసొని నా మీదనే పంచనామా రాస్తున్నవా బేటీ?”

నవ్వాడు గానీ ముఖం నవ్వలేదు. ఎవరి కోసం ఇదంతా అన్నాడు. పాసైతదా అని అడుగుతారు, పాస్ చేయించి పంపుతున్నాం, అందులో తప్పేముంది అన్నాడు. నేను రేణుక అడిగిన మాట చెప్పాను. ఆ ఒక్క మాటే చెప్పగలిగాను. ఆయన లేచి, పక్క స్థలంలో ఇల్లు కడుతున్న వాళ్ల దగ్గర ఇసుక అడగమని మెకానిక్‌ను పంపాడు.

పరీక్షలో బండి ఖాళీగా వెళ్తుంది. డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. ఖాళీ బండి ఆగడం వేరు, నిండా మనుషులున్న బండి ఆగడం వేరు. ఇది చదువుకున్న నాకు తెలుసు, ముప్పై ఏళ్లు పనిచేసిన చాచాకు ఇంకా బాగా తెలుసు. ఇద్దరం తెలిసీ అడగని సంగతి అది.

సైదులు, రేణుక వచ్చేసరికి పన్నెండు ఇసుక బస్తాలు సీట్ల మీద కూర్చోబెట్టాం. రేణుకకు నవ్వు వచ్చింది. ఒక్కో బస్తా మీద చెయ్యి వేసి పేరు పెట్టింది.

“గిది మా పుష్ప. గిది ఎల్లమ్మక్క. అయ్యో, ఎల్లమ్మక్కకు గీ సంచి ఏడ సాలుతది, ఇంకొకటి ఎయ్యున్రి. గీ కిటికి పక్కన నేను.”

గ్యారేజీ అంతా నవ్వింది. సర్వీసు రోడ్డు మీద బళ్లు లేని చోట చాచా సుద్దతో రెండు గీతలు గీశాడు. మొదటి గీత దగ్గర బ్రేకు తొక్కాలి, రెండో గీతలోపు ఆగాలి. స్టీరింగు దగ్గర చాచాయే కూర్చున్నాడు. బండి వేగం పెద్దగా లేదు. మొదటి గీత దగ్గర తొక్కాడు. బండి ఎడమకు తల తిప్పుకుని, రెండో గీత దాటి, ఇంకా అంత దూరం పోయి, రోడ్డు పక్క మట్టిలో ఆగింది. లోపల బస్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

రేణుక వెళ్లి తలుపు తీసింది. ముందు సీటు కిందికి జారిన బస్తాను చూసింది. ఎల్లమ్మక్క అని పేరు పెట్టింది దానికే. ఇక నవ్వలేదు.

సైదులుకు కోపం నా మీద వచ్చింది. నిన్న పాసైతదని చెప్పిన్రు గదా మేడమ్ అన్నాడు. శుక్రవారం పోకుంటే సోమవారం రూటు పోతది, పదిహేనేండ్లు పరాయి స్టీరింగు పట్టుకున్న అన్నాడు. చాచా చెప్పాడు, ముందు కుడి చక్రం కాలిపర్‌లో పిస్టన్ ఇరుక్కుపోయిందని, వెనక చక్రం సిలిండర్ నుంచి బ్రేకు ఆయిల్ కారుతోందని. కాలిపర్ అంటే చక్రాన్ని రెండు వైపుల నుంచి పట్టుకునే పిడికిలి లాంటిది. ఆ పిడికిలి బిగుసుకోకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది. సామాను హైదరాబాదు నుంచి రావాలి, శనివారం దాకా పని పడుతుంది.

నిర్ణయం రేణుక చేసింది. “స్లాట్ ఎన్కకు జరపు చెల్లె. మేస్త్రీతోని నేను మాట్లాడత. ఎక్కేది మేం గదా.”

స్లాట్ వచ్చే బుధవారానికి దొరికింది. ఆ సాయంత్రం పన్నెండు మందీ కలిసి మేస్త్రీ దగ్గరికి వెళ్లారట. బస్తాల కథ రేణుక అక్కడ కూడా చెప్పిందట. బుధవారం సాయంత్రానికి కాగితం చూపించండి, అంతకు మించి ఒక్క రోజు ఆగను అన్నాడతను.

పని శనివారం రాత్రి కాకముందే పూర్తయింది. మిగిలింది టైర్లు. ఆదివారం నాకు సెలవు. సోమవారం వచ్చేసరికి షెడ్డులో గోనెపట్టా నేల మీద మడిచి ఉంది. నాలుగు పెళ్లి టైర్లూ తెల్ల వ్యానుకు ఉన్నాయి. పరీక్షకు ఇంకా రెండు రోజులున్నాయి కదా, ఇప్పుడే ఎందుకు బిగించారని అడిగాను.

“పెళ్లిండ్లు శాన జేసినం బేటీ,” అన్నాడు చాచా, చేతులు తుడుచుకుంటూ. “ఇగ కాపురానికి తోలిన.”

మళ్లీ బస్తాలు వేసి నడిపాం. రెండో గీతకు జానెడు ముందే ఆగింది. ఎల్లమ్మక్క కదల్లేదు.

బుధవారం సైదులు, రేణుకలతో పాటు పరీక్ష జరిగే మైదానానికి నేనూ వెళ్లాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని ముందుకు నడిపించి, ఆపించి, టైర్లు తడిమి చూశాడు. తృప్తిగా తలూపాడు. తర్వాత వెనక ఎమర్జెన్సీ తలుపు లాగాడు. అది రాలేదు. పాత యజమాని అమ్మేముందు వేయించిన తెల్ల రంగు దాని సందుల్లోకి దిగి అతుక్కుపోయింది. బ్రేకు గురించి ఇంత చేసిన మేము ఆ తలుపును ఒక్కసారైనా లాగి చూడలేదు. ఆయన కాగితం మీద ఫెయిల్ అని రాశాడు. ఆ బండి జీవితంలో మొదటి ఫెయిల్.

సైదులు కింద కూర్చుండిపోయాడు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గానీ, ఇన్‌స్పెక్టర్ వెనకే నడిచి వెళ్లి మాట్లాడాను. బ్రేకుకు ఏం చేశామో, బస్తాలతో ఎలా చూశామో, తలుపు మేము మరిచిపోయిన తప్పేనని చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

“ఒంటిగంటకు లేస్త. ఆలోపు తలుపు తీసి చూపియ్యున్రి.”

చాచా ఫోన్‌లో చెబుతుంటే సైదులు బ్లేడుతో సందుల్లో రంగు గీకాడు. నేను గొళ్లేనికి ఆయిల్ పోశాను. ఒంటిగంటకు పది నిమిషాల ముందు తలుపు కిర్రుమని తెరుచుకుంది. రేణుక అందులోంచి లోపలికి ఎక్కి, అటు నుంచి కిందికి దూకి చూపించింది. ఇన్‌స్పెక్టర్ నవ్వు దాచుకుంటూ సంతకం పెట్టాడు.

ఈ పనిలో ఇప్పుడు నాకు ఏడేళ్లు. పాత వ్యాను కొనే ముందు చాలామంది కాగితాలు తెచ్చి నన్ను అడుగుతారు, ఏటా పాసయిన బండేనా అని. ఏటా పాసవడం ఆ ఒక్క పూట సంగతి చెబుతుంది. మిగిలిన రోజుల సంగతి తెలియాలంటే బండిలో ఎక్కే మనిషిని పక్కన నిలబెట్టుకుని చూడాలి. తనిఖీ జాబితాలో నేను ఇప్పుడు మొదటి వరుసలో “నిండు బరువుతో ఆగుతుందా” అని రాస్తాను. చివరి వరుసలో “వెనక తలుపు”. అది మా తప్పుకు గుర్తు. షెడ్డులో గోనెపట్టా కింద ఇప్పుడు ఇసుక బస్తాలున్నాయి.

సైదులుకు ఆ రూటు దక్కిన ఏడాదే, వానాకాలంలో ఒక ఉదయం రేణుక నుంచి ఫోన్ వచ్చింది. వెనక ఆడవాళ్ల మాటలు, గొర్రెల అరుపులు కలిసి వినిపించాయి. ఊరి బయట మలుపులో ఒక మంద అడ్డం వచ్చిందట. పన్నెండు మందీ బండిలోనే ఉన్నారట.

“ఏం గాలేదు, ఫికర్ చెయ్యకు,” అంది. “ఆగింది చెల్లె.”

ఆ రోజు డైరీలో బండి నంబరు వేసి, పక్కన ఆ ఒక్క మాటే రాసుకున్నాను.