వకీల్ మాఫీ

చెల్లె కొడుకు గల్ఫ్‌లో డ్రైవర్. జీతాలు రాని కూలీలు కంపెనీ గేటు ముందర కూర్చుంటే వీడియో తీసి నలుగురికి పంపిండు. ఆ వారంలోనే పోలీసులు పట్టుకపోయిండ్రు.

విదేశం నుంచి ఒక మానవ హక్కుల సంస్థ ఆమె ఫోన్ చేసి హిందీలో మాట్లాడింది. పట్టుకపోయిన తారీఖు అడిగితే చెల్లె తడబడింది. అవన్నీ క్యాలెండర్ మీద రాసిపెట్టేది నేను, నేనే చెప్పిన. ఇట్ల లోపలేసిన వాళ్ల పేర్లు, ఫొటోలు ప్రపంచం ముందర పెట్టి ఆ ప్రభుత్వాన్ని జవాబు అడుగుతరట. ఇంటోళ్లు ఒప్పుకోకుంటే పేరు ఎత్తరట.

"పేరు బయటపడితే వాళ్లకు కోపమొచ్చి ఇంకింత కొడితే?" అన్నది చెల్లె. "నీకేంది అక్కా, నీ కడుపుల పుట్టలే."

కొట్టరని చెప్పే ధైర్యం నాకు లేదు.

శుక్రవారం జైలు నుంచి ఫోన్ వచ్చింది. పక్కన సిపాయి తెలుగు మాట్లాడనిస్తలేడని తెలుస్తనే ఉన్నది. పిల్లగాడు ఆ దేశపోళ్ల మాటలోనే గబగబ అన్నడు: "అమ్మా, వకీల్ మాఫీ. వకీల్ మాఫీ." లైన్ కట్టయింది.

చెల్లె గోడకు ఒరిగి కూర్చున్నది. "వకీలు మాఫీ చేయించిండట అక్కా."

మా ఉప్పుగూడలో మాఫీ అంటే ఒకటే అర్థం. తప్పు మాఫీ, జుర్మానా మాఫీ. వెంటనే సంస్థ ఆమెకు ఫోన్ చేసి, మాఫీ వచ్చింది, లొల్లి చేస్తే చెడిపోతది, పేరు పెట్టొద్దు అని చెప్పిన.

మరునాడు మిఠాయి డబ్బా పట్టుకొని పత్తర్‌గట్టి పోయినం. అక్కడ బట్టల దుకాణం భాయ్ చాన ఏండ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినోడు. పిల్లగాడికి వీసా దారి చూపింది ఆయనే.

"క్యా అమ్మా, మిఠాయి? మళ్ల మనవడా?"

"మాఫీ అయింది భాయ్. వకీల్ మాఫీ అని పిల్లగాడే చెప్పిండు" అన్నది చెల్లె.

భాయ్ చేతిలో లడ్డూ ఆగింది. "గట్లనే అన్నడా? వకీల్ మాఫీ అని?"

"రెండుసార్లు అన్నడు."

"అమ్మా, అక్కడ మాఫీ అంటే లేదు అని. పానీ మాఫీ అంటే నీళ్లు లేవు. తనకు వకీలు లేడని చెప్పిండు."

చెల్లె డబ్బా మూతపెట్టి, "ఆ సంస్థ ఆమెకు ఫోన్ కలుపు" అన్నది.

దుకాణం మెట్ల మీదనే కూర్చొని కలిపిన. పేర్ల ప్రకటన సాయంత్రం పోతదని, పేరు ఒకసారి బయటికి పోతే వెనక్కి తీసుకోలేమని, ఆలోచించుకోమని ఆమె అన్నది. చెల్లె ఫోన్ నా చేతిల నుంచి గుంజుకున్నది. కొడుకు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు చెప్పింది. ఆటోల హారన్లకు ఆమెకు వినపడలేదట, మళ్ల చెప్పమన్నది.

చెల్లె లేచి నిలబడి గట్టిగ చెప్పింది. బజార్లో పోయేటోళ్లు తిరిగి చూసిండ్రు.