లోపలి గడియ

ఒక్కరికి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తిరువూరులో నా అద్దె గదికి లోపల గడియ ఉండేది కాదు. తలుపుకు ట్రంకుపెట్టె అడ్డం పెట్టి పడుకునేదాన్ని. అడిగితే ఇంటాయన, "బర్మా వాళ్లకి గది ఇవ్వడమే ఎక్కువ" అన్నాడు.

విస్సన్నపేట బస్సులో పక్కనున్న పెద్దావిడ నా బుగ్గల మీది బర్మా గంధం చూసి, "రంగూనేనా అమ్మాయ్? మాదీ అక్కడే. ఇల్లు దొరికిందా?" అంది. ఎన్నడూ నోరు విప్పని నేను తలుపు సంగతి చెప్పేశాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మా అద్దింటి యజమానీ అంతే అన్నాడు. ప్లీడరు చేత నోటీసు ఇప్పించాను. తనే దగ్గరుండి గడియ పెట్టించాడు!"

మర్నాడు ఇంటాయన ముందు నిలబడి మళ్లీ గడియ అడిగాను. ఆ వారమే ట్రంకుపెట్టె మంచం కిందికి చేరింది. అడిగేటప్పుడు నా నోట వచ్చింది, ఆవిడ బస్సు దిగుతూ అన్న మాటే:

"అద్దె కడుతున్నాం అమ్మాయ్. ఒకరి దయ మీద లేం."