అమ్మమ్మ బావి నీళ్లు

మణవాళనగర్‌లో మా ఇంటి అటక మీద అమ్మమ్మ బావి నీళ్ల సీసా ఒకటి దాచాను. మూత తీస్తే నాచు, ఉప్పుగాలి కలిసిన వాసన గుప్పుమంటుంది, దానితో పాటే నా కోపమూ లేస్తుంది.

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే, అప్పట్లో మేముండే పాండూరు నుంచి బస్సులు మారి, సముద్రానికి దగ్గరలో ఉన్న అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. ఆ గాలికి తలుపు గొళ్లాలు తుప్పు పట్టేవి, మా జడలు జిగటగా అయ్యేవి, కానీ పెరటి బావి నీళ్లు మాత్రం లేత కొబ్బరినీళ్లలా ఉండేవి. వాటిలో కందిపప్పు ఇట్టే మెత్తబడేది, అమ్మమ్మ పచ్చిమామిడి ముక్కలు వేసి తాలింపు పెడితే, గచ్చకాయలు అక్కడే వదిలేసి పిల్లలమంతా పళ్లేల ముందు చేరేవాళ్లం. గడప తొక్కిన ప్రతివాళ్లకీ ముందు చెంబుతో ఆ నీళ్లే ఇచ్చేది. ఇచ్చిన నీళ్లు మిగల్చడం ఆ ఇంట్లో పెద్ద అమర్యాద.

వానలు తప్పిన ఏళ్లలో బావి కాస్త ఉప్పెక్కేది. అమ్మమ్మ కంగారు పడేది కాదు. "సముద్రం వస్తాది, పోతాది పాపా. ఐప్పసి నెల వాన పడితే అదే నెట్టేస్తాది" అనేది. దీపావళికి పోయి చూస్తే, నిజంగానే నీళ్లు మళ్లీ తీపెక్కి ఉండేవి. సముద్రానికీ వానకీ మధ్య ఆ తోపులాట ఎన్ని తరాలుగా సాగిందో.

దాన్ని చెడగొట్టింది అమ్మమ్మ కన్న కొడుకే, మా చిన్నమామ. బావి పక్కనే బోరు వేయించి, పట్నం పోయే ట్యాంకరు లారీలకు రాత్రింబగళ్లు నీళ్లు తోడిపోశాడు. నేల ఖాళీ అయినకొద్దీ అడుగు నుంచి సముద్రం వచ్చి కూర్చుంది. తర్వాత ఎన్ని వానలు కురిసినా తీపి తిరిగి రాలేదు. ఇప్పుడు సముద్రమే ఏటికేడూ పైకొస్తోందంటున్నారు, వానలకా వేళాపాళా లేదు. ఆ ఉప్పునీళ్లలో అమ్మమ్మ పప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉండేది. మంచం పట్టాక, కడసారి తన బావి నీళ్లే గొంతులో పోయమని అడిగింది. పోశాం. మొహం తిప్పుకుంది. ఆ రోజే ఈ సీసా నింపుకున్నాను.

మొన్న మామ మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ల క్యాను పక్కకు జరిపి, సీసాలోంచి అర చెంబు వంచి అందించాను. ఒక గుక్క తాగి ఆగాడు.

"యాడివి పాపా ఈ నీళ్లు?"

"మీయమ్మ బావివే మామా. మిగల్చబాకు."

చివరిదాకా తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకని నేను అడగలేదు. నా పగ చల్లారలేదు. ఆ తీపి నీళ్లు లేవు, ఆ పప్పు లేదు, అమ్మమ్మ లేదు. గుమ్మం దిగుతున్న మామను మళ్లీ రమ్మని మర్యాదగానే పిలిచాను. సీసాలో ఇంకా సగం ఉన్నాయి.