చావు కబురు చెప్పే పాఠం

ఖమ్మంలో అంబులెన్సు సిబ్బందికి శిక్షణ ఇచ్చే జయప్రకాశ్ పొద్దున్నే వచ్చి, ఛాతీ నొక్కడం నేర్పే రబ్బరు బొమ్మ మొహాన్ని తడిగుడ్డతో తుడుస్తాడు. మధ్యాహ్నం దాని పక్కనే కూర్చుని డబ్బా విప్పుకుంటాడు. మూడేళ్ల కిందట టేకులపల్లి దారిలో, అంబులెన్సులో, ఆసుపత్రి దాకా భార్య హైమ ఛాతీని నొక్కింది అతనే. అన్నీ తెలిసినవాడు కదా అని, ఆమె పోయిందని అక్కడ ఎవరూ అతనికి నోరు తెరిచి చెప్పలేదు.

చావు కబురు చెప్పే పాఠాన్ని అతను ఎప్పుడూ తోటి మాస్టారుకే వదిలేస్తాడు. ఈసారి ఆయన సెలవు. చనిపోయిన మనిషికి భర్తగా నటించడానికి జయప్రకాశే కుర్చీలో కూర్చున్నాడు. "ఎదురుగ కూసోని, పేరు పెట్టి, చనిపోయిందనే చెప్పాలె. నాన్చొద్దు," అన్నాడు. శిక్షణకొచ్చిన వాళ్లలో ముందుగా రవీందర్ వచ్చి, "శానా కష్టపడ్డం సార్, గానీ..." అని నసిగాడు. "గానీ ఏంది? బస్సు పోయిందా?" అనేసరికి అందరూ నవ్వారు. తర్వాత పర్ణశాల ఊరి పిల్ల భవాని వచ్చి ఎదురుగా కూర్చుంది. "మీ ఆమె పేరేంది సార్?" "హైమ." "హైమమ్మ చనిపోయింది సార్." అతను తల ఊపుతూ ఉండిపోయాడు. "తప్పు చెప్పిన్నా సార్?" అంది భవాని. "లేదమ్మా. ఇంకొక్కసారి చెప్పు." తన గొంతు సరిగా వినబడలేదేమోననుకుని ఆ పిల్ల ఈసారి గట్టిగా చెప్పింది.